బోరుకు తగ్గ పిస్టన్

మా షెడ్డుకు ఇప్పుడు వచ్చే కుర్రాళ్ళలో చాలామంది అడిగేది ఒకటే. "బాబాయ్, తక్కువ ధరలో, బరువు తక్కువుండే ఫోర్జ్‌డ్ పిస్టన్ ఏది వేద్దాం?" బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలైతే ఫోన్‌లో బొమ్మ కూడా చూపిస్తారు. పాత బండిని మళ్ళీ బతికించాలన్న వాళ్ళ ఆశ నాకు ఇష్టం. బోరు కోసే ఈ పని మాకు తాతల నుంచి వచ్చింది కాదు. మా నాన్న తెనాలిలో లేతు పెట్టాకే మొదలైంది. ఈ కృష్ణా డెల్టాలో పిస్టన్ ఎలా మారుతూ వచ్చిందో తెలిస్తే వాళ్ళు కొనే తీరే మారుతుందని నా నమ్మకం.

ఇక్కడ మొదట్లో ఇంజిన్ అంటే బండిది కాదు, నీళ్ళు తోడేది. బెజవాడ దగ్గర కృష్ణకు 1852-55 మధ్య ఆనకట్ట కట్టి కాలవలు తవ్వినా, రేపల్లె, నిజాంపట్నం వైపు చివరి భూములకు నీరు వేళకు అందేది కాదు. రైతులు కాలవ గట్టునా, మురుగు కాలవ పక్కనా ఆయిల్ ఇంజిన్ దించుకునేవాళ్ళు. వాటిలో లిస్టర్ రకం ఇంజిన్ నిమిషానికి 650 చుట్లే తిరిగేది. బోరు 114.3 మిల్లీమీటర్లు, స్ట్రోకు 139.7. లోపల పోత ఇనుప పిస్టన్. చిన్నప్పుడు నేను దాన్ని రెండు చేతులతో పట్టుకునేవాణ్ణి. ఇనుప బోరులో ఇనుప పిస్టన్ కాబట్టి వేడికి రెండూ ఒకే తీరుగా ఉబ్బేవి. సందు తక్కువ పెట్టినా పట్టేసేది కాదు. బరువు గురించి ఎవరూ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. ఆ వేగంలో పిస్టన్ బరువు 50 గ్రాములు తగ్గించినా, పైకొసన కనెక్టింగ్ రాడ్ మీద లాగుడు తగ్గేది రెండు కిలోలే. ఆ ఇనుప పిస్టన్లన్నీ చివరికి తుక్కులో కలిశాయి. ఇనుప తుక్కుతో విగ్రహాలు చేసి కాటూరి వెంకటేశ్వరరావు గారు, వారి అబ్బాయి రవిచంద్ర గారు తెనాలికి పేరు తెచ్చారు. మా వీధిలో మాత్రం ఒక్క పాత పిస్టన్ దాచినవాళ్ళు కూడా లేరు. అది నాకు బాధగానే ఉంటుంది.

అల్యూమినియం పిస్టన్ మన దగ్గరికి వచ్చేటప్పటికి బయట ప్రపంచంలో అది పాతబడింది. డబ్ల్యూ.ఓ. బెంట్లీ 1913లోనే అల్యూమినియంలో రాగి కలిపి పోసిన పిస్టన్లను తన పందెం కారుకు వేశాడు. మన వైపు అది ఇంటింటి మాట అయింది బుల్లెట్‌తో. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. అంతకు ముందే, 1949లో, ఆ ఊళ్ళోనే ఇండియా పిస్టన్స్ పుట్టింది. తెనాలి మద్రాసు-కలకత్తా లైను మీద ఉండటం మాకు పెద్ద సదుపాయం. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొన్న సామాను రాత్రి బండెక్కిస్తే తెల్లారేసరికి స్టేషన్లో దిగేది. రేపల్లె మెకానిక్కులు బ్రాంచి లైను బండిలో బ్యారెల్ సంచిలో వేసుకుని వచ్చి, బోరు తీయించుకుని సాయంత్రం బండికి తిరిగి వెళ్ళేవాళ్ళు.

350 బుల్లెట్ బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. బ్యారెల్ పోత ఇనుము. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు ఉబ్బుతుంది. సందు లెక్క పనికి ప్రాణమైంది అప్పుడే. అరిగిన బోరును పది థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ఇరవై, ముప్పై, నలభై అని మెట్లు మెట్లుగా పెంచేవాళ్ళం. నలభై దాటితే స్లీవు. పిస్టన్ చేతికి రానిదే మా నాన్న బోరు కోసేవాడు కాదు. పెట్టె మీద రాసిన సైజు నమ్మేవాడు కాదు, మైక్రోమీటరుతో తనే కొలిచేవాడు. కొలిచే చోటు కూడా అందరికీ తెలియదు. పిస్టన్ గుండ్రంగా కనిపిస్తుంది గానీ గుండ్రం కాదు. పైన సన్నం, కింద వెడల్పు. గజ్జన్ పిన్ను ఉన్న వైపు తక్కువ, దానికి అడ్డంగా ఎక్కువ. కాబట్టి స్కర్టు కింది భాగంలో, పిన్నుకు అడ్డంగా కొలవాలి. ఆ కొలతకు సందు కలిపి బోరు కోసి, హోనింగ్‌తో చివరి అర థౌ తీయాలి. తర్వాత ఒక్కో రింగు బోరులో పెట్టి, పిస్టన్ తలతోనే అంగుళం లోపలికి నెట్టి, రింగు కొసల మధ్య ఫీలర్ గేజి దూర్చాలి. బుల్లెట్ బోరుకు పది, పదకొండు థౌ వస్తే మా నాన్న మాట్లాడకుండా రెండో రింగు అందుకునేవాడు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చాక చేసినంత పని మా షెడ్డు మళ్ళీ చేయలేదు. దివిసీమ పేరే ఎక్కువ వినిపించింది గానీ, కృష్ణకు ఇవతల రేపల్లె, నిజాంపట్నం వైపూ సముద్రం ఊళ్ళ మీద పడింది. మనుషులు, పశువులు పోయిన ఇళ్ళ నుంచి, బురద తీసిన ఇంజిన్లు ఎడ్ల బళ్ళ మీద వచ్చాయి. అల్యూమినియం పిస్టన్లు ఉప్పుకు తెల్లగా బూజు పట్టినట్టు పొడి రాలాయి. ఇనుప పిస్టన్లు తుప్పుతో లైనరుకు అతుక్కుపోయాయి. వాటి మీద కిరసనాయిలు పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే చెక్క దిమ్మ పెట్టి సుత్తితో మెల్లగా కొట్టేవాళ్ళం. కదిలిన పిస్టన్‌కు తెలుపు, కదలనిదానికి ఎరుపు సుద్దతో గుర్తు. ఆ రైతుల్లో ఎవరూ కొత్త పిస్టన్ కొనగలిగే స్థితిలో లేరు. కడిగి, గీతలు నునుపు చేసి, కొత్త రింగులు వేసి పంపాం. వచ్చే కారుకు నీళ్ళు తోడాలి కదా.

తేలిక పిస్టన్ అన్న మాట నా చెవిన పడింది 1985లో ఆర్‌ఎక్స్ 100 బండి దిగాకే. బోరు 50, స్ట్రోకు 50, వేగం 7500 చుట్లు. సూర్యలంక రోడ్డు మీద పందేలు పోయి పిస్టన్ పట్టేసిన బళ్ళు బాపట్ల నుంచి ఆటోల్లో వచ్చేవి. ఇక్కడ బరువుకు నిజంగానే విలువ ఉంది. బుల్లెట్‌నే 5000 చుట్లకు తిప్పితే, 50 గ్రాములు తగ్గించినందుకు పైకొసన అరవై కిలోల పైగా లాగుడు తగ్గుతుంది. పాత బుల్లెట్ బిగ్ ఎండ్‌లో ఉన్నది రోలర్లు కాదు, తేలే బుష్. దానికి అది పెద్ద ఊరట. అయితే ఫ్లైవీల్‌లోని ఎదురు బరువు పాత పిస్టన్‌కు లెక్కగట్టి పెట్టింది. కొత్తది మరీ తేలికైతే అదురు తగ్గకపోగా వేరే వేగంలోకి మారుతుంది. అందుకే పాత పిస్టన్‌ను పిన్ను, రింగులు, క్లిప్పులతో సహా తూచి, కొత్తదాన్నీ అలాగే తూచమంటాను.

ఇక ఫోర్జింగ్. పోత పిస్టన్ కరిగిన లోహం అచ్చులో పోస్తే వస్తుంది. ఫోర్జింగ్‌లో వేడి దిమ్మను ప్రెస్సు కింద ఒత్తుతారు. లోహం గట్టిపడి, దెబ్బ తగిలితే ముక్కలవకుండా సొట్టపడుతుంది. కొనేవాళ్ళు చూడాల్సింది లోహం నంబరు. 2618లో సిలికాన్ దాదాపు ఉండదు. కాంకార్డ్ విమానం ఒంటికి వాడిన లోహం దీని సోదరే. వేడికి గట్టిది, బాగా ఉబ్బుతుంది. పోత పిస్టన్‌కు రెండు మూడు థౌ సరిపోయే చోట ఇది నాలుగైదు అడుగుతుంది. చల్లని ఇంజిన్లో టకటకమంటుంది. 4032లో సిలికాన్ 12 శాతం దాకా ఉంటుంది. తక్కువ ఉబ్బుతుంది, సందు తక్కువ చాలు, మోత తక్కువ. రోజూ తెనాలి నుంచి బాపట్లకు పోయొచ్చే బండికి నేను 4032నే ఇష్టపడతాను. పందెం బండికి 2618 వేయొచ్చు, కానీ ఇంజిన్ వేడెక్కకుండా యాక్సిలరేటర్ తిప్పితే ఒక్క పూటలో బోరు గీసుకుపోతుంది.

ధర విషయంలో నా మాట మొహమాటం లేకుండా చెబుతాను. చవక ఫోర్జ్‌డ్ పిస్టన్‌కు రింగులు మామూలు సైజువి కాకపోతే అది చవక కాదు. రెండేళ్ళ తర్వాత రింగు దొరక్క పిస్టన్ మొత్తం మార్చాలి. ముందు రింగులు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోండి, ఆ తర్వాత పిస్టన్‌కు డబ్బు కట్టండి. సందు ఎంత పెట్టాలో కాగితం మీద చెప్పని పెట్టె వద్దు. బండి పందెం మొహం చూడనిదైతే, మంచి కంపెనీ పోత పిస్టన్ వేసి, మిగిలిన డబ్బు బిగ్ ఎండ్‌కు, నూనె పంపుకు పెట్టండి. ఇంజిన్ ఎక్కువ కాలం బతుకుతుంది.

కొత్త బళ్ళలో చాలావాటికి అల్యూమినియం బ్యారెల్ మీద గట్టి పూత. దాన్ని కోయలేం, బ్యారెల్, పిస్టన్ కలిపి కిట్టుగా మార్చేయాలి. మాకు మిగిలినవి బుల్లెట్లు, ఆర్‌ఎక్స్‌లు, యెజ్డీలు, రేపల్లె వైపు నుంచి వచ్చే పడవ ఇంజిన్లు. ఫోర్జ్‌డ్ అయినా, పోత అయినా పిస్టన్ ముందు తెచ్చి ఇవ్వండి. కొలిచి, దానికి తగ్గట్టు బోరు కోస్తాం.