చుండూరు న్యాయపోరాటము – సంఘధర్మము

1917 సంవత్సరమున బెజవాడయందు భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతను మన ప్రథమ మహాసభ జరిగిన నాటనుండియు విద్యను గూర్చియు, భూమిని గూర్చియు తీర్మానములు చేయుచునే యున్నాము. దౌర్జన్యమునకు గురియైనవారికి న్యాయము చేకూరువఱకు తోడుండుటయు నట్టి ధర్మమే యని మన యిటీవలి చరిత్రము బోధించుచున్నది.

త్రాగునీటి చెరువుకడ పుట్టిన తగవు మూలమున 1985 జూలై 17వ తేదీని కారంచేడులో ఆరుగురు మాదిగలు హతులైరి. శేషించినవారు చీరాల చేరి శిబిరమున నిలిచిరి. ఆ యుద్యమమునుండియే దళిత మహాసభ యుద్భవించెను. 1989లో పార్లమెంటు అత్యాచారనిరోధ చట్టమును చేసి, ప్రత్యేక న్యాయస్థానములకు వీలు కల్పించెను.

చట్టమేర్పడినను ఘోరము లాగలేదు. సినిమాహాలులో మొదలైన కలహము సాంఘిక బహిష్కారముగా ముదిరి, 1991 ఆగస్టు 6వ తేదీని చుండూరులో ఎనమండ్రు దళితులు వధింపబడిరి. శవములను గోనెసంచులలో కట్టి కాలువలో పడవైచిరి. బాధితులు తెనాలిలో తలదాచుకొనిరి. మృతులను ఊరినడుమనే ఖననము చేసి, ఆ స్థలమునకు రక్తక్షేత్రమని పేరిడిరి.

వారి కోరికలలో ముఖ్యమైనది, న్యాయస్థానము చుండూరులోనే కూర్చుండవలెనని. కూలికి పోనిదే పొయ్యి రాజని సాక్షి, వాయిదా వాయిదాకు పట్టణమునకు పోజాలునా? దారిలో బెదిరింపులకు దిక్కెవరు? పట్టు విడువక పోరాడగా న్యాయస్థానమే యూరికి వచ్చెను. పౌరహక్కుల న్యాయవాది బి. చంద్రశేఖర్ గారు ప్రభుత్వపక్షమున వాదించిరి. 2007 జూలై 31వ తేదీని 21 మందికి యావజ్జీవశిక్షయు, 35 మందికి ఏడాది శిక్షయు విధింపబడెను. 1991లో ఒకటవ తరగతిలో చేరిన బాలుడు అప్పటికి పెండ్లియీడునకు వచ్చియుండును! కారంచేడు వాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు వెలువడుటకు 2008 వఱకు, అనగా 23 ఏండ్లు పట్టెను.

2014 ఏప్రిలులో హైకోర్టు చుండూరు ముద్దాయిల నందఱను నిర్దోషులని విడిచిపెట్టెను. వ్యవహారము సుప్రీంకోర్టున కెక్కెను. అట్లయిన నీ శ్రమ వ్యర్థమా? కాదు. పేదలు బోనెక్కి, చూచినది చూచినట్లు చెప్పిరి. ఆ వాఙ్మూలములు చెఱగిపోవు.

తీర్పు మన చేతిలోనిది కాదు. సాక్షి నిలుచుట మాత్రము కొంత మన చేతిలోనిదే. వాయిదానాటి కూలి, వకీలు ఖర్చు, అనాథబాలుర చదువు – వీనికై నిధిలో నొక భాగము ప్రత్యేకింపవలెనని పోషకమహాశయులను వినయపూర్వకముగా ప్రార్థించుచున్నాను. కన్నీటికి సానుభూతి తీర్మానమొక్కటి చాలదు. తీర్పునాటి వఱకు తోడు కావలెను.