క్వేల్యార్ వ్రాసిన జాబు

చరిత్రకు ఆధారాలైన వ్రాతలలో శాసనానిది ఒక తీరు, దస్తావేజుది ఒక తీరు, ఆత్మీయునికి వ్రాసుకొన్న జాబుది వేరొక తీరు. రాజు ఏమి చేసినాడో శాసనం చెప్పుతుంది. ఏది ఎవరికి చెందినదో దస్తావేజు చెప్పుతుంది. జాబు మాత్రం మనిషి తాను ఎదుటివానికి ఎట్లా కనిపింపగోరినాడో చెప్పుతుంది. అందుచేత జాబును నమ్మవలె, నమ్ముతూనే విచారింపవలె.

అటువంటి విచారణకు తగిన జాబు ఒకటి మాడ్రిడ్ నగరంలోని రాజ చరిత్ర పరిషత్తులో భద్రమై ఉన్నది. స్పెయిన్ నౌకాదళంలో కెప్టెనుగా ఉండిన ఫ్రాన్సిస్కో దె క్వేల్యార్ దానిని 1589 అక్టోబరు 4వ తేదీన ఆంట్వెర్ప్ నగరం నుండి వ్రాసినాడు. అందుకొన్నవారి పేరు జాబులో లేదు. సెసారియో ఫెర్నాందెస్ దూరో అనే స్పానిష్ నౌకాచరిత్రకారుడు 1884-85లో ప్రకటించిన తన గ్రంథంలో దానిని చేర్చినాడు. మూడు వందల ఏండ్లకు గాని ఆ మాటలు లోకం చెవిని పడలేదు.

1588లో స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ ఇంగ్లండుపైకి సుమారు 130 ఓడలను పంపినాడు. ఆ దండయాత్ర విఫలమైనది. ఓడలు వచ్చిన త్రోవను మరలలేక, స్కాట్లండుకు ఉత్తరంగా చుట్టి, ఐర్లండు పడమటి తీరం ప్రక్కగా స్వదేశానికి పోవలసి వచ్చినది. తుఫానులకు ఆ తీరంలోనే ఇరవైకి పైగా ఓడలు నశించినవి.

క్వేల్యార్ కష్టాలు తుఫానుకంటె ముందే ఆరంభమైనవి. అతడు ‘సాన్ పెద్రో’ ఓడకు అధిపతి. ఆ ఓడ వరుస తప్పి నాయకనౌకను మించి ముందుకు పోయినదని అతనికి మరణశిక్ష విధించినారు. పది దినాలుగా నిద్ర లేక తాను కన్ను మూసిన సమయంలో నావికుడు తన్నడుగకనే ఓడను నడిపినాడని అతని సమాధానం. అదే నేరానికి క్రిస్తోబాల్ దె ఆవిలా అనే మరొక కెప్టెనును ఉరితీసినారు. క్వేల్యార్‌ను మాత్రం ‘లా లావియా’ ఓడలోని దండాధికారి మార్తీన్ దె అరాండా దయతలచి కాపాడినాడు. ఈ సంగతి మరువరాదు. జాబు వ్రాసినవాడు ప్రాణం దక్కించుకొన్నవాడే గాక, పరువు దక్కించుకొనవలసినవాడు కూడా.

ఐర్లండులోని స్లైగో సమీపాన స్ట్రీడా అనే ఇసుక తీరానికి ఎదుట ‘లా లావియా’, ‘లా హులియానా’, ‘సాంతా మరియా దె విసోన్’ అనే మూడు ఓడలు లంగరు వేసినవి. నాలుగు దినాలు గడచినవి. అయిదవనాడు లేచిన తుఫానుకు ఒక్క గంటలో మూడు ఓడలూ తునుకలైనవి. వెయ్యిమందికి పైగా మునిగినారనీ, మూడు వందలమంది వరకు ఒడ్డున పడినారనీ క్వేల్యార్ లెక్క. అతనికి ఈత రాదు. ఓడ తలుపుచెక్క ఒకటి దొరకగా తానూ అరాండా దానిని పట్టుకొన్నారు. అరాండా తన దుస్తులలో నాణేలను కుట్టుకొని ఉన్నాడు. ఆ బరువుతో అతడు నీట మునిగినాడు. ప్రాణదానం చేసినవాడు పోయినాడు. పొందినవాడు చితికిన కాళ్లతో తీరం చేరినాడు.

తీరంలో స్థానికులు బ్రతికినవారిని వస్త్రాలతో సహా దోచుకొంటున్నారు. అయినా ఆయుధాలు ధరించిన ఇద్దరు మనుష్యులు అతనిపై జాలిపడి, తుంగా గడ్డీ కోసి కప్పిపోయినారు. సహాయం దొరకునేమోనని వెళ్లిన మఠంలో ఉరితీయబడిన పన్నెండుమంది స్పానిష్‌వారు కనిపించినారు. ముందుకు సాగగా అతన్ని కొట్టి, దోచి, మెడలోని పవిత్రచిహ్నాలను సైతం తీసుకొన్నారు. పిదప ఒక పిల్లవాడు పాలు, వెన్న, ఓటు ధాన్యపు రొట్టె తెచ్చి పెట్టినాడు. ఆ దేశమే కొట్టినది. ఆ దేశమే పెట్టినది.

కడకు అతడు మాక్లాన్సీ అనే ప్రభువును ఆశ్రయించినాడు. మెల్విన్ సరస్సులోని రాస్‌క్లోహర్ అతని కోట. అక్కడ క్వేల్యార్ స్త్రీలకు చేతులు చూచి జోస్యాలు చెప్పినాడు. ఆ జోస్యాల కోసం జనం విడువక వెంటబడి విసిగించినారని వ్రాసుకొన్నాడు. ఇంగ్లీషు సేన వచ్చుచున్నదని తెలిసి మాక్లాన్సీ తన జనంతో కొండలకు తరలగా, తొమ్మిదిమంది స్పానిష్‌వారు కోటను పదిహేడు దినాలు నిలిపినారట. మంచు కురిసి శత్రువు మరలిపోయినాడు. సంతోషించిన ప్రభువు తన చెల్లెలిని ఇచ్చి పెండ్లి చేయగోరినాడు. క్వేల్యార్ ఒప్పుకొనలేదు. కావలికి తమ్మక్కడే నిలుపుకొందురని గ్రహించి, రహస్యంగా వెడలి, డెర్రీ బిషప్ సహాయంతో స్కాట్లండుకు పడవ ఎక్కినాడు. అక్కడినుండి ఫ్లాండర్స్‌కు పోవునప్పుడు డచ్చివారి దాడికి చిక్కి, మరల ఓడ పగిలి, ఒంటిపై చొక్కాతో డన్‌కర్క్ చేరినాడు.

ఇది వీరగాథవలె తోచునని అతనికీ తెలుసు. భోజనానంతరం వినోదానికి చదువుకొనవచ్చునని చమత్కరించినాడు కూడా. అయితే గాథలోని ముఖ్యభాగాన్ని ఇతర సాక్ష్యాలు బలపరచుచున్నవి. అయిదు మైళ్లు లేని ఒక్క తీరంలోనే పదకొండు వందలకు పైగా శవాలను లెక్కించినట్లు ఇంగ్లీషు అధికారి జాఫ్రీ ఫెంటన్ నివేదించినాడు. 1985లో స్ట్రీడా సముద్రగర్భంలో ఆ ఓడల శిథిలాలు దొరికినవి. 2015లో ‘లా హులియానా’ ఫిరంగులను పైకి తీసినారు. వాటిలో ఒకదానిపై సెయింట్ మాత్రోనా ప్రతిమ, 1570 అనే సంవత్సరం కలవు.

ఓడ పగిలినమాట నిజం. విచారింపవలసినది ఓడను గురించిన మాట కాదు, మనుష్యులను గురించిన మాట. జాబు పొడుగునా తనకు ఆశ్రయమిచ్చినవారిని అతడు ‘అనాగరికులు’ అనియే పేర్కొన్నాడు. వారు కొండలలో పశువులవలె నివసింతురన్నాడు. వారు తమ్ము తమవలె కాపాడకపోయిన ఎడల ఒక్కడును మిగిలియుండడని కూడా అతడే ఒప్పుకొన్నాడు. మరుక్షణమే, మొదట దోచుకొన్నదీ వారేనని చేర్చినాడు. కృతజ్ఞతా తిరస్కారమూ ఒకే వాక్యంలో ప్రక్కప్రక్కన కూర్చున్నవి.

ఆ ఆశ్రయానికి వెల ఎంతో జాబులో లేదు. వ్రాసేనాటికి ఆ వెల చెల్లింపబడనూ లేదు. 1590లో మాక్లాన్సీ ఇంగ్లీషువారి చేత హతుడైనాడు. స్పానిష్‌వారికి ఆశ్రయమిచ్చిన మరొక ప్రభువు బ్రయన్ ఓరూర్క్‌ను 1591లో లండనులో ఉరితీసినారు. అతనిపై మోపిన నేరాలలో ఈ ఆశ్రయం ఒకటి.

గడ్డి కప్పినవారు, రొట్టె పెట్టిన పిల్లవాడు జాబులు వ్రాయలేదు. వారి దయకు మిగిలిన సాక్షి, వారిని అనాగరికులన్న ఆ కలమే. తన పరువు కోసం వ్రాసినవాడు తెలియకయే వారి పరువును నిలిపినాడు. జాబులో వ్రాసినవాని గొంతు మొదట వినబడుతుంది. ఓపికతో చదివినవానికి దాని వెనుక, పేరు లేనివారి అడుగుల చప్పుడు కూడా వినబడుతుంది.