చెక్క మీద నిప్పు రాత

మా ఇంట్లో తాతగారి నాటి పందిరి మంచం ఒకటి ఉంది. దాని కోళ్ళ మీద చుట్టూరా రెండేసి సన్నటి నల్ల గీతలు. చిన్నప్పుడు రంగేమో అనుకుని గోటితో గీకి చూసేవాణ్ణి, రాలేదు. పెద్దయ్యాక తరిమెన పట్టే వడ్రంగి దగ్గర కూర్చుంటే గుట్టు తెలిసింది. కొయ్య గిరగిరా తిరుగుతుండగా ఉలి కొనతో చిన్న గాడి తీశాడు. ఇనప తీగను ఆ గాడిలోకి దించి బిగించి పట్టాడు. తీగ రెండు చివర్లా చెక్క ముక్కలు కట్టి ఉన్నాయి, వేళ్ళకు చుట్టుకుంటే వేలే తెగుతుంది. చూస్తుండగానే పొగ లేచింది. తీగ తీసేసరికి గాడి బొగ్గులా నల్లబడింది. రాపిడి వేడికి చెక్కే తనలోంచి ఆ నలుపు ఇచ్చింది.

అప్పటినుంచే నాకు ఈ కాల్చే పనిముట్టు మీద మనసు పడింది. ఘంటసాల మ్యూజియంలో సున్నపురాతి మీద తీర్చిన పద్మాలను చూసినప్పుడల్లా, వాటిని తరిమెన పట్టిన కొయ్య గిన్నె అంచు చుట్టూ కాల్చి వేయాలనిపించేది. అయితే తీగ గుండ్రటి గీత ఒక్కటే గీస్తుంది. పద్మం రేకు కావాలంటే చేతిలో కలంలా ఆడే వేడి మొన ఉండాలి.

కాల్చి గుర్తు పెట్టడం మనకు కొత్త కాదు. పశువులకు వాతలు పెట్టారు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్న సామెత పుట్టిందే అందులోంచి. పిల్లనగ్రోవి చేసేవాళ్ళు ఎర్రగా కాల్చిన ఊచతోనే వెదురుకు రంధ్రాలు వేస్తారు. తాటాకు మీద గంటం ముందు గీరుతుంది, ఆ తర్వాత మసి పూస్తేనే అక్షరం కనబడుతుంది. కాలిన ఊచకు ఆ రెండో పని లేదు, గాటూ నలుపూ ఒకేసారి పడతాయి. చిక్కల్లా అది చల్లారడమే. కొలిమిలోంచి తీయగానే పెట్టిన గీత మాడిపోతుంది, నాలుగో గీత గోధుమరంగుకు దిగుతుంది, పదో గీత పడనే పడదు. ఇంగ్లండులో ఈ పనికి పొయ్యి ఎగదోసే ఊచ పేరే పెట్టి పోకర్‌వర్క్ అన్నారు. నాలుగైదు ఊచలు నిప్పులో ఉంచి ఒకటి చల్లారగానే ఇంకొకటి అందుకునేవారు. ఈ పనిముట్టు చరిత్ర అంతా నా దృష్టిలో ఒక్కటే ప్రయత్నం: మొన దగ్గర వేడిని నిలబెట్టడం.

ఇలాంటి చిక్కును మన తీరం గుడ్డ మీద ఎప్పుడో ఎదుర్కొంది. మచిలీపట్నం అద్దకాలు ఓడలెక్కి వెళ్ళిన కాలంలో, నీలిమందు అంటకూడని చోట కాగిన మైనంతో గీతలు గీసేవారు. దానికి వాడింది ఇనప కలం. మొనకు కాస్త పైన వెంట్రుకల ఉండ చుట్టి ఉండేది. మైనం ఆ ఉండలో నిలిచి, వేలి నొక్కుడుకు తగినంతే మొనకు దిగేది. కోరమాండల్ తీరపు ఈ అద్దకం పద్ధతులను కూర్దూ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరీ 1742లో ఉత్తరంగా రాసి పంపాడు. ఆయన తెలుగు నేర్చినవాడు కూడా. ఇప్పుడు ఆ అద్దకం సాగే పెడనలో చెక్క అచ్చులదే రాజ్యం. కానీ మొన వెనకాల నిల్వ ఉండాలన్న ఆ తెలివి నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

కాల్చే మొనకు అలాంటి నిల్వ దొరికింది వైద్యుల గదిలో. పారిస్ వైద్యుడు క్లాడ్ పాక్లెన్ 1876లో పుండ్లు కాల్చడానికి ఒక సాధనం చేశాడు. దాని మొన బోలు ప్లాటినం. ముందు దీపం మీద దాన్ని ఎర్రబరిచి, ఆ తర్వాత రబ్బరు బుడ్డి నొక్కుతూ బెంజీన్ ఆవిరి కలిసిన గాలిని లోపలికి పంపాలి. వేడెక్కిన ప్లాటినం తగిలితే ఆ ఆవిరి మంట లేకుండానే మండుతుంది. బుడ్డి నొక్కుతున్నంతసేపూ మొన ఎర్రగానే ఉంటుంది. చెక్క మీద బొమ్మలు కాల్చేవాళ్ళు దీన్ని వదులుకుంటారా? 19వ శతాబ్దం ముగిసేలోగా ఇదే పద్ధతి కళాకారుల పెట్టెల్లోకి వచ్చేసింది. తర్వాత కరెంటు వచ్చింది. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ నిక్రోమ్ లోహానికి పేటెంటు తీసుకున్నాడు. ఎర్రగా కాగినా తుప్పుపట్టి రాలిపోని తీగ అది. మన ఇస్త్రీపెట్టెలో ఉండేదీ అదే.

ఇప్పుడు బజారులో దొరికేవి రెండు రకాలు. ఒకటి సోల్డరింగ్ కడ్డీకి తోబుట్టువు. లావుపాటి ఇత్తడి మొన, మర బిగించి మార్చుకోవచ్చు. రెండోది సన్నటి నిక్రోమ్ తీగ మొన. పక్కన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె, దానికి వేడి తగ్గించి పెంచే మీట ఉంటాయి. వోల్టులు తక్కువ, ఆంపియర్లు ఎక్కువ. నేను మొదట కొన్నది మొదటి రకం, ఇరవై మొనలు ఇస్తున్నారని. పెట్టె తెరిచి ఎంత సంబరపడ్డానో! పట్టుకునే చోటికీ మొనకూ మధ్య జానెడు దూరం. బల్లపరుపు పలక మీద బాగానే నడిచింది. గిన్నె లోపలి వంపులోకి దించేసరికి చెయ్యి వణికింది, రేకు కొస మెలికపడింది. దానికి తోడు మొన వేడెక్కడానికి ఐదు నిమిషాలు, చల్లారడానికి అంతకు రెట్టింపు. ఒక గీత ముదురుగా, ఇంకోటి లేతగా కావాలంటే అంతసేపూ ఎదురుచూడాల్సిందే.

తీగ మొన చేతికొచ్చాక తేడా తెలిసింది. వేళ్ళు మొనకు దగ్గరగా ఉంటాయి, మీట తిప్పితే క్షణాల్లో వేడి మారుతుంది. అయినా చెయ్యి నేర్చుకోవలసింది చెయ్యే నేర్చుకోవాలి. మొనను ఆనించి ఆ తర్వాత కదిపితే మొదట్లో నల్లటి చుక్క పడుతుంది. విమానం నేల మీద దిగినట్టు, కదులుతూనే తాకించాలి, కదులుతూనే ఎత్తాలి. గిన్నె చుట్టూ చెక్క నార అన్నిచోట్లా ఒకే తీరున ఉండదు. అడ్డునార వచ్చినచోట మొన ఎగిరెగిరి పడుతుంది. అక్కడ వేడి కాస్త తగ్గించి, నెమ్మదిగా రెండుసార్లు పోవడం మేలు. చెక్క 200 డిగ్రీల సెల్సియస్ దాటగానే రంగు తిరగడం మొదలుపెడుతుంది, మొన నిప్పులా వెలగక్కర్లేదు.

చెక్క సంగతీ చెప్పాలి. మా తీరంలో గంగరావికి కొదవలేదు. హవాయి దీవుల్లో దాన్నే మిలో అంటారు, అక్కడివాళ్ళు తరతరాలుగా దానితో తిండి గిన్నెలు చేసుకున్నారు. గిన్నెకు అంత మంచి చెక్క, కాల్చడానికి మాత్రం పనికిరాదు. చేవ ముదురురంగు కావడంతో గీత కనిపించదు. ఏటికొప్పాక బొమ్మలవాళ్ళు వాడే అంకుడు ఇందుకు బాగుంటుంది, లేత రంగు, సన్నటి నార. అక్కడ కూడా అలంకారం వేడితోనే. తిరుగుతున్న కొయ్యకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడికి కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో మెరుగుపెడతారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు గిన్నె మీద లక్కా కాల్చిన గీతా రెండూ కావాలనుకుంటే కాల్చడం ముందు, లక్క తర్వాత. లక్క మీద వేడి మొన పెడితే అది కరిగి మొనకంటుకుంటుంది, ఆ పొగ పీల్చేవాడికి చేటు. రంగు, వార్నిష్ పూసిన చెక్కనైతే అసలు కాల్చకండి.

కొనేటప్పుడు మొనలు ఎన్ని ఇస్తున్నారో లెక్కపెట్టకండి. వేడి మీట ఉందా, వేళ్ళు మొనకు ఎంత దగ్గరకు వస్తాయి, అరగంట పట్టుకున్నా పిడి వేడెక్కకుండా ఉంటుందా, ఈ మూడూ చూడండి. పలకల మీద నల్లటి నేపథ్యం నింపడానికి ఇత్తడి మొన చాలు, చవక కూడా. గిన్నెలకైతే తీగ మొనే కొనండి. కత్తిలా సానపట్టిన మొన ఒకటి, గుండ్రటిది ఒకటి ఉంటే పద్మం మొత్తం వచ్చేస్తుంది.