ఒక్క క్లిక్ వెనకాల ఉన్న లెక్కల పుస్తకం



పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చివరిదాకా చదవండి.

మొన్న మా హాస్టల్‌లో చదువుకున్న తమ్ముడొకడు ఫోన్ చేశాడు. డిగ్రీ అయిపోయి ఇంటి దగ్గర ఖాళీగా ఉన్నాడు. ఫోన్‌లో ఏదో ట్రైనింగ్ కోర్సు యాడ్ కనబడితే నొక్కి, ఫారంలో పేరు, నంబరు రాశాడు. ఆ సాయంత్రం నుంచి ఫోన్లే ఫోన్లు. ఏ యాప్ తెరిచినా అదే కోర్సు. "అన్నా, నేను ఒక్కసారే నొక్కిన. ఇంతమందికి ఎట్ల తెలుస్తది?" అని అడిగాడు.

మన తాతల కాలంలో సావుకారు దగ్గర ఒక పుస్తకం ఉండేది. ఎంత ఇచ్చాడు, ఎంత బాకీ అన్నది ఆయన రాసిందే లెక్క. మనవాళ్ళకు చదువు రాదు కాబట్టి అందులో ఏముందో తెలిసేది కాదు. ఇప్పుడు మన చేతిలోని ఫోన్ వెనకాల కూడా ఒక పుస్తకం ఉంది. అది ఎలా పుట్టిందో, అందులో ఏం రాస్తారో మనం తెలుసుకోవాలి.

కూపన్ల కాలం

ఈ లెక్క ఇంటర్నెట్‌తో మొదలు కాలేదు. నూరేళ్ళ కిందట అమెరికా పత్రికల్లో ప్రకటన కింద కత్తిరించుకునే కూపన్ ఉండేది. దాన్ని పోస్టులో పంపితే శాంపిల్ సరుకు వచ్చేది. ఒక్కో పత్రికలో వేసే కూపన్ మీద ఒక్కో గుర్తు ముద్రించేవాళ్ళు. తిరిగి వచ్చిన కూపన్లను గుర్తులవారీగా లెక్కపెడితే, ఏ ప్రకటనకు ఎంత ఖర్చయింది, ఎంతమంది వచ్చారు అన్నది తేలిపోయేది. క్లాడ్ హాప్కిన్స్ అనే ప్రకటనల రచయిత 1923లో 'సైంటిఫిక్ అడ్వర్టైజింగ్' అనే పుస్తకంలో ఈ పద్ధతినే గట్టిగా సమర్థించాడు. ఇప్పుడు పెర్ఫార్మెన్స్ మార్కెటింగ్ అంటున్నదానికి మూలం ఇదే. ప్రకటన బాగుందా లేదా అన్నది కాదు, దానివల్ల ఎంతమంది కదిలారు అన్నదే లెక్క.

1994: బ్యానర్, కుకీ

1994 అక్టోబరు 27న హాట్‌వైర్డ్ అనే వెబ్‌సైట్లో ఏటీ అండ్ టీ కంపెనీ బ్యానర్ ప్రకటన వచ్చింది. ఇంటర్నెట్ బ్యానర్లలో మొదటితరం అదే. కూపన్ కత్తిరించే పని పోయి, నొక్కడం వచ్చింది.

కానీ ఒక ఇబ్బంది ఉంది. వెబ్‌సైట్‌కు జ్ఞాపకం ఉండదు. ఒక పేజీ చూసి రెండో పేజీకి వెళ్తే, ఇందాక వచ్చినవాడే ఇతను అని సర్వర్‌కు తెలియదు. అదే ఏడాది నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేసే లూ మాంటుల్లీ అనే యువ ఇంజనీరు దీనికి ఉపాయం కనిపెట్టాడు. సైట్ మన బ్రౌజర్లో ఒక చిన్న చీటీ దాచిపెడుతుంది. మళ్ళీ వెళ్ళినప్పుడు బ్రౌజర్ ఆ చీటీ చూపిస్తుంది. దాని పేరే కుకీ. ఆన్‌లైన్ దుకాణంలో మనం ఎంచుకున్న సరుకు గుర్తుండాలన్నది దాని వెనకున్న అవసరాల్లో ఒకటి. మనిషి వెంటపడడానికి చేసింది కాదు.

1990ల మధ్యలో పుట్టిన డబుల్‌క్లిక్ లాంటి ప్రకటనల కంపెనీలు దాన్ని వేరే పనికి వాడాయి. వేల సైట్లలో ప్రకటనలు పెట్టేది ఒక్క కంపెనీయే అయితే, ఆ సైట్లన్నిటిలో మనల్ని గుర్తుపట్టే చీటీ కూడా దానిదే అవుతుంది. 1999లో డబుల్‌క్లిక్ అబాకస్ డైరెక్ట్ అనే కంపెనీని కొన్నది. ఇళ్ళ అడ్రసులు, కొనుగోళ్ళ వివరాలు అబాకస్ దగ్గర ఉన్నాయి. పేరులేని కుకీకి ఆ పేర్లు కలపాలని చూస్తే జనం గొడవ చేశారు. 2000లో కంపెనీ వెనక్కి తగ్గింది. జనం అడిగితే వెనక్కి తగ్గుతారని ఈ సంగతి చెబుతుంది.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి?

మొదట్లో ప్రకటన ఎంతమందికి కనబడితే అంత డబ్బు. 1996లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, నొక్కితేనే డబ్బు ఇస్తామని యాహూను ఒప్పించింది. అదే ఏడాది అమెజాన్, తన లింకు పెట్టి సరుకు అమ్మించినవాళ్ళకు కమీషన్ ఇచ్చే పథకం మొదలుపెట్టింది. అంటే నొక్కితే చాలదు, కొనాలి. 1998లో బిల్ గ్రాస్ (బిల్ గేట్స్ కాదు) గోటూ డాట్ కామ్‌లో సెర్చ్ మాటలనే వేలానికి పెట్టాడు. గూగుల్ 2000లో యాడ్‌వర్డ్స్ తెచ్చి, 2002లో క్లిక్‌కు డబ్బు తీసుకునే వేలం పద్ధతికి మారింది. 2008లో డబుల్‌క్లిక్ కూడా గూగుల్ చేతికే వచ్చింది.

తమ్ముడి క్లిక్ ఎటు పోయింది?

ఇప్పుడు తమ్ముడి సంగతికి వద్దాం. ఇలాంటి యాడ్ నొక్కగానే లింకు చివర ఒక పొడుగాటి నంబరు చేరుతుంది. అది ఆ క్లిక్‌కు హాల్ టికెట్ నంబరు లాంటిది. ఏ యాడ్, ఏ రోజు, ఎవరి ఫోన్ అన్నది దాన్నిబట్టి వెతకొచ్చు. కోర్సువాళ్ళ సైట్ ఆ నంబరును కుకీలో దాచుకుంటుంది. ఫారం నింపాక 'ధన్యవాదాలు' అనే పేజీ వస్తుంది చూడండి, అక్కడ పిక్సెల్ అనే చిన్న కోడ్ ఉంటుంది. "ఆ నంబరు మనిషి ఫారం నింపాడు" అని అది ప్రకటనల కంపెనీకి కబురు పంపుతుంది. దీన్నే కన్వర్షన్ అంటారు.

ఫోన్లు వచ్చింది ఫారంలో నంబరు ఇచ్చినందుకు. యాడ్లు వెంటపడింది పిక్సెల్ వల్ల. రెండూ వేరు వేరు. ఆ ఫారాన్ని మధ్యవర్తి నింపిస్తే దాన్ని 'లీడ్' అని అమ్ముకోవచ్చు, ఒకరికంటే ఎక్కువమందికి కూడా.

తమ్ముడు ఫీజు కట్టి చేరితే అది కూడా లెక్కలోకి వస్తుంది. ఆ కోర్సు పనికొచ్చిందా, ఉద్యోగం దొరికిందా అన్నదానికి మాత్రం ఆ పుస్తకంలో గడి లేదు.

లెక్క నిజమేనా?

చాలాకాలం 'లాస్ట్ క్లిక్' పద్ధతి నడిచింది. కొనేముందు చివరగా ఏ లింకు నొక్కితే పేరు దానిదే. దీన్ని అడ్డం పెట్టుకుని కొందరు, జనం నొక్కకుండానే వాళ్ళ కంప్యూటర్లలో కుకీలు పడేసి, ఈబే నుంచి కమీషన్లు తీసుకున్నారు. అమెరికాలో కేసు నడిచి 2014లో ఇద్దరికి జైలుశిక్ష పడింది.

మోసం లేకపోయినా లెక్క తప్పవచ్చు. 2012లో ఈబే తన పేరు మీద ఇచ్చే సెర్చ్ ప్రకటనలను కొన్నిచోట్ల ఆపి చూసింది. వచ్చే జనం దాదాపు తగ్గలేదు. యాడ్ కింద ఉన్న మామూలు లింకు నొక్కి వచ్చారు. ఎలాగూ వచ్చేవాళ్ళకే డబ్బు పోస్తున్నారన్నమాట. యాడ్ తర్వాత కొన్నారంటే యాడ్ వల్లే కొన్నారని కాదు.

మన చేతిలో ఏముంది?

2021 ఏప్రిల్ నుంచి ఐఫోన్లలో వేరే కంపెనీల యాప్‌లలో మన వెంటపడాలంటే యాప్ ముందుగా అనుమతి అడగాలి. గూగుల్ మాత్రం క్రోమ్‌లో బయటి కంపెనీల కుకీలు తీసేస్తామని 2020లో చెప్పి, 2024లో మాట మార్చుకుంది. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 18 ఏళ్ళలోపు పిల్లల వెంటపడి ప్రకటనలు చూపకూడదని, కొన్ని మినహాయింపులతో, అందులో ఉంది. దాని అమలు దశలవారీగా జరుగుతోంది. మన హాస్టళ్ళలో చాలామంది ఆ వయసువాళ్ళే, ఈ మాట వాళ్ళకు చెప్పండి.

తమ్ముడికి నేను చెప్పింది ఇంతే. ఫోన్ సెట్టింగుల్లో అడ్వర్టైజింగ్ ఐడీ తొలగించు. కోర్సు ఫారంలో నంబరు ఇచ్చేముందు, అక్కడ చదివినవాళ్ళు మనూళ్ళో ఎవరైనా ఉన్నారేమో అడుగు. ఇంకో మాట కూడా చెప్పాను. ఈ లెక్కలు చూడడమే ఇప్పుడు ఒక ఉద్యోగం, ఆసక్తి ఉంటే నేర్చుకో అని.

సావుకారు పుస్తకం చదవడం మన తాతలకు రాలేదు. ఈ పుస్తకం మనం చదవగలం. మీకు ఇలాంటి అనుభవాలుంటే కింద రాయండి, మాట్లాడుకుందాం.