కిటికీ కాగితం మీద ఎర్రపూలు

ఉత్తర చైనాలోని షాన్‌షీ ప్రావిన్స్‌లో, పసుపు మట్టి పీఠభూమి మీద, ఊళ్లకు ఊళ్లు కొండవాలులో తొలిచిన ఇళ్లే. మూడు వైపులా మట్టిగోడ. వెలుతురుకు ముందువైపు చెక్కజాలీ కిటికీ ఒక్కటే దారి. గాజు రాకముందు ఆ జాలీకి తెల్లకాగితం అంటించేవారు. చలిగాలిని ఆపేదీ, పగటి వెలుగును లోపలికి పంపేదీ ఆ కాగితమే. ఏడాది పొడవునా ఎండకూ దుమ్ముకూ పాతబడిన దాన్ని కొత్త సంవత్సరం పండగకు ముందు చింపేసి, కొత్తది వేసి, దానిమీద ఎర్రకాగితంతో కత్తిరించిన పూలు, పక్షులు, చేపలు, పులులు అతికించేవారు. పగలు ఇంట్లో కూర్చున్నవాళ్లకు అవి ఎండవెలుగులో కనిపిస్తాయి. రాత్రి దీపం పెడితే వాకిట్లో ఉన్నవాళ్లకు కనిపిస్తాయి. వీటిని చైనాలో కిటికీ పూలు అంటారు.

మళ్లీ పండగ వచ్చేసరికి అవీ చిరిగిపోతాయి. ఈ కళకు చరిత్ర రాయబోతే మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. తరతరాలుగా లెక్కలేనన్ని ఇళ్లలో ఆడవాళ్లు చేసిన పని ఏ ఏటికాయేడు పోయింది. మన ముంగిట ముగ్గులాగే అది చేతి నుంచి చేతికి అందుతూ వచ్చింది తప్ప, వస్తువుగా నిలవలేదు. కాబట్టి పాత కాలపు ఆనవాళ్లను ఎడారి సమాధుల్లో, కుండల కొలిమిలో, దీపపు మసిలో వెతుక్కోవాలి. అలా వెతికితే దొరికేది తక్కువే. కానీ ఆ కాస్తలోనే ఆశ్చర్యపరిచేంత పనితనం ఉంది.

ఇప్పటికి దొరికిన వాటిలో అన్నిటికంటే పాత కత్తిరింపులు షిన్‌జియాంగ్‌లోని తుర్ఫాన్ దగ్గర బయటపడ్డాయి. అక్కడ వాన చాలా అరుదు. 1959లో మొదలైన తవ్వకాల్లో, ప్రాచీన గావోచాంగ్ నగరానికి చేరువలోని అస్తానా సమాధుల్లో, చనిపోయినవారితోపాటు పెట్టిన గుండ్రని కాగితాలు దొరికాయి. అవి 6వ శతాబ్దానివి. ఒకదానిలో వలయంగా జంట గుర్రాలు, మరొకదానిలో జంట కోతులు. కాగితాన్ని పదేపదే మడిచి, ఒక్క గుర్రం రూపం కత్తిరించి విప్పితే దాని జోడీ దానంతట అదే వస్తుంది. మడత ఎక్కడ పడాలి, ఎక్కడ తెగకుండా ఆగాలి అన్నది ముందే మనసులో లెక్కగట్టుకున్న చేతులు చేసిన పని అది. నేర్చుకుంటున్నవాళ్ల తడబాటు అందులో కనిపించదు. అంటే దాని వెనుక ఇంకెన్ని తరాల సాధన ఉండి ఉండాలో!

హాన్ వంశపు ఆస్థాన అధికారి చాయ్ లున్ కాగితం తయారీ విధానాన్ని చక్రవర్తికి నివేదించింది క్రీ.శ. 105లో. అంతకుముందే ముతక కాగితం ఉండేదనడానికి ఆధారాలున్నాయి. నా ఉద్దేశంలో ఈ కళకు కాగితం కూడా మొదలు కాదు. 2001లో చెంగ్‌దూ నగరం జిన్‌షా ప్రాంతంలో దాదాపు 3000 ఏళ్ల నాటి పలుచని బంగారు రేకు ఒకటి దొరికింది. మధ్యలో 12 కిరణాల సూర్యుడు, చుట్టూ ఎగురుతున్న 4 పక్షులు. సూర్యుడి రూపం రేకును తొలగించిన చోట ఏర్పడింది. పక్షులూ అలాగే ఏర్పడ్డాయి. తీసేసిన జాగాతో బొమ్మ చెప్పడం అనే ఆలోచన కాగితం కంటే ఎంత ముందుదో ఆ రేకు చూస్తే తెలుస్తుంది.

కొత్త సంవత్సరం ఏడో రోజును చైనావాళ్లు మనుషుల రోజుగా జరుపుకునేవారు. ఆ రోజు రంగుపట్టుతోనో బంగారు రేకుతోనో మనిషి బొమ్మలు కత్తిరించి తెరలకు అతికించేవారని, తలలో పెట్టుకునేవారని 6వ శతాబ్దపు రచయిత జోంగ్ లిన్ రాసిపెట్టాడు. అలాంటి అలంకారపు తునకలు జపాన్‌లో నారా నగరంలోని షోసోఇన్ ఖజానాలో నేటికీ ఉన్నాయి. 757లో తోదాయ్‌జీ ఆలయానికి సమర్పించినవి. అదే కాలంలో చైనాలో అంతర్యుద్ధం నడుస్తోంది. పిల్లాపాపలతో పారిపోతూ ఒక స్నేహితుడి ఇంట తలదాచుకున్న రాత్రిని మహాకవి దు ఫు తర్వాత ఒక కవితలో గుర్తుచేసుకున్నాడు. భయంతో చెదిరిన వాళ్ల ప్రాణాలు కుదుటపడాలని, శరీరాన్ని విడిచిన ఆత్మను వెనక్కి పిలవాలని, ఆ ఇంటివాళ్లు కాగితం కత్తిరించారని అందులో ఉంది. పండగ సంబరానికే కాదు, కష్టకాలంలో దిష్టి తీసినట్టు చేసే తంతుకూ కత్తెర పట్టారన్నమాట.

సోంగ్ వంశం నాటికి ఇది వీధిలో బతుకుతెరువుగా కూడా మారింది. 13వ శతాబ్దపు జౌ మి అనే రచయిత, రాజధాని వీధుల్లో అడిగిన బొమ్మ అడిగినట్టు కత్తిరించి ఇచ్చేవాళ్ల గురించి రాశాడు. పేరున్న లేఖకుల చేతిరాతలను కత్తెరతో అచ్చంగా దించేవాళ్లు ఉండేవారట. ఒక యువకుడైతే చేతులను పొడవాటి చొక్కా చేతిలో దాచుకుని, చూడకుండానే అక్షరాలూ పూలూ కత్తిరించేవాడట. అతనిది ఒక్క కాగితం కూడా మిగల్లేదు. కానీ ఆ కాలపు కాగితపు పూలు మరో దారిలో మనదాకా వచ్చాయి. జియాంగ్‌షీ ప్రావిన్స్‌లోని జీజౌ కొలిముల్లో కుమ్మరులు టీ గిన్నెకు ముందు ముదురు రంగు పూత వేసి, దానిమీద కాగితపు కత్తిరింపు అంటించి, పైన లేతరంగు పూత పోసేవారు. తర్వాత కాగితం ఒలిచేసి కాల్చేవారు. కాగితం ఉన్నచోట ముదురు నీడ మిగిలేది. కాగితం పోయి 800 ఏళ్లయినా ఆ గిన్నెల అడుగున ఫీనిక్స్ పక్షులు, ప్లమ్ పూలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఈ కళ చరిత్రలో నన్ను అన్నిటికంటే కదిలించే సాక్ష్యం ఇదే.

ఊళ్లలో ఆడవాళ్లు నమూనాలను కాపాడుకున్న తీరు కూడా దీనికి దూరపు చుట్టమే. పక్కింటావిడ కత్తిరించిన పువ్వు నచ్చితే, దాన్ని తెల్లకాగితం మీద నీటితో తడిపి పరిచి, నూనెదీపం పొగమీద పట్టేవారు. తెల్లకాగితం మసిబారుతుంది. ఆరాక పువ్వును ఎత్తేస్తే దాని కింద చోటు తెల్లగా మిగులుతుంది. ఆ నల్లటి అచ్చును ఎర్రకాగితాల దొంతర మీద పెట్టి, దారంతోనో కాగితపు పురితోనో కుట్టి, మళ్లీ కత్తిరించుకోవచ్చు. అత్తింటికి వెళ్లే పిల్ల ఇలాంటి అచ్చులను వెంట తీసుకెళ్లేది. చెప్పుల మీద, దిండు అంచుల మీద కుట్టుపనికీ ఈ అచ్చులే ఆధారం.

కత్తిరించే పద్ధతిలో రెండు తీర్లున్నాయి. ఒకదానిలో గీతలు మిగిలి, మధ్యభాగం పోతుంది. ఆ గీతలన్నీ ఎక్కడో ఒకచోట కలిసే ఉండాలి, లేకపోతే బొమ్మ ఊడి కింద పడుతుంది. రెండోదానిలో గీతలే పోతాయి, నిండుభాగం మిగులుతుంది. మంచి పనిలో రెండూ కలిసి ఉంటాయి. కిటికీకి మొదటి తీరే ఎక్కువ నప్పుతుంది, ఎందుకంటే వెలుగు రావాలి. లోపలి సన్నపని ముందు, బయటి అంచు చివర. అంచు ముందే తెగితే పట్టుకోవడానికి చేతికి కాగితం ఉండదు. కోడి ఈకకూ పులి బొచ్చుకూ రంపపు పళ్లలాంటి వరసకోతలు, కళ్లకూ మడతలకూ నెలవంక కోతలు. ఇంత చిన్న పదజాలంతోనే పీఠభూమి స్త్రీలు ఒక లోకాన్ని చెప్పారు.

ఆ లోకంలో ప్రతి బొమ్మకూ ఒక పని ఉంది. పెళ్లివారింట్లో తామరపూల మధ్య చేప ఉంటే సంతానం కలగాలని కోరిక. కుందేలును చుట్టుకున్న పాము ఉంటే, చైనా పంచాంగంలో పాము ఏట పుట్టినవారికీ కుందేలు ఏట పుట్టినవారికీ జోడీ కుదిరితే సిరి కలుగుతుందన్న నమ్మకం. జడలు రెండు ముడులుగా వేసుకుని చేతులు చాచి నిలబడ్డ పాప బొమ్మ ఇంటిని కీడు నుంచి కాపాడుతుంది. వానలు వారాల తరబడి వదలకపోతే చీపురు పట్టిన ఆడమనిషిని కత్తిరించి చూరుకు వేలాడదీసేవారు. మబ్బులు ఊడ్చేయడం ఆమె పని. ఆ ఆచారం 17వ శతాబ్దపు బీజింగ్ వర్ణనల్లోనూ కనిపిస్తుంది.

ఇది ఆడవాళ్ల కళ మాత్రమే అనుకోకూడదు. హెబెయ్ ప్రావిన్స్‌లోని యూషియాన్‌లో ఇది సంప్రదాయంగా మగవారి వృత్తి. అక్కడ కత్తెర ఉండదు. పలుచని కాగితాలు పదుల సంఖ్యలో దొంతరపెట్టి, మైనపు పలక మీద పరిచి, సన్నని కత్తితో నిలువుగా చెక్కుతారు. తర్వాత సారా కలిపిన రంగులు అద్దితే, అవి అడుగు కాగితం దాకా ఇంకుతాయి. 1890లో పుట్టిన వాంగ్ లావోషాంగ్ నాటక పాత్రలను ఈ పద్ధతిలో చెక్కి పేరు పొందాడు. ముఖానికి వేసుకున్న రంగుల వేషం, కిరీటం పూసలు, కళ్లలో కోపం అన్నీ అరచేతిలో పట్టేంత కాగితంలో ఉంటాయి. ఆ పనితనానికి చేతులు జోడించవలసిందే. అయినా రెండూ పక్కపక్కన పెడితే, నా మనసు గీత గీసుకోకుండా నేరుగా కత్తెర ఆడించే షాన్‌షీ ముసలమ్మల వైపే మొగ్గుతుంది. వాళ్ల పులికి రెండు కళ్లూ ఒకే పక్కన ఉండవచ్చు, కడుపులో పిల్లపులి కనిపించవచ్చు. చూసింది కాక తెలిసింది కత్తిరించారు వాళ్లు.

చదువుకున్నవారి కన్ను వీటిమీద గట్టిగా పడింది 1940లలో. 1942లో షాన్‌షీలోని యెనాన్‌లో జరిగిన సాహిత్య కళా సదస్సులో కమ్యూనిస్టు నేత మావో కళాకారులను పల్లెల వైపు చూడమన్నాడు. కవి ఐ చింగ్, చిత్రకారుడు జియాంగ్ ఫెంగ్ వాయవ్య ప్రాంతపు కత్తిరింపులను సేకరించి పుస్తకంగా తెచ్చారు. గు యువాన్ లాంటి చెక్కబొమ్మల కళాకారులు అదే శైలిలో రాట్నాలు, అక్షరాలు దిద్దుకునే రైతులు, కాపలా సైనికులు ఉన్న కిటికీ పూలు చేశారు. పాత శుభాకాంక్షల చోట కొత్త నినాదాలు వచ్చాయి. తర్వాత సాంస్కృతిక విప్లవం పాత ఆచారాల మీద పడ్డప్పుడు దేవతలు, పాములు, రక్షక పాపలు కిటికీల మీదికి రావడం కష్టమైంది. ఆ విప్లవపు దశాబ్దం గడిచాక, యెనాన్‌లో పనిచేసిన చిత్రకారుడు జిన్ జిలిన్ ఊరూరా తిరిగి, చేతిలో ఇంకా ఆ విద్య ఉన్న వృద్ధ స్త్రీలను వెతికాడు. 1980లలో బీజింగ్‌లోని కేంద్ర లలితకళల అకాడమీ వాళ్లలో కొందరిని పిలిపించి, విద్యార్థుల ముందు కత్తిరింపజేసింది.

ఇవాళ ఊళ్లలోనూ కిటికీలకు గాజే. పండగ ఎర్రపూలు యంత్రం మీద అచ్చయిన ప్లాస్టిక్ రూపంలో బజార్లో దొరుకుతున్నాయి. 2006లో చైనా తన తొలి జాతీయ వారసత్వ జాబితాలో కాగితపు కత్తిరింపును చేర్చింది. 2009లో యునెస్కో గుర్తించింది. యూషియాన్ లాంటి చోట్ల అది పెద్ద వ్యాపారంగా సాగుతోంది. పని దొరకడం మంచిదే. కానీ మసి అచ్చు మీద పెరిగిన కళకూ, పర్యాటకుడికి అట్టపెట్టెలో అమ్మే కళకూ మధ్య పెద్ద దూరమే ఉంది.

ఆ దూరం పెరుగుతున్న రోజుల్లోనే షాన్‌షీలోని షున్‌యీ కౌంటీలో కూ షులాన్ పని చేసింది. 1920లో పుట్టిన పేద రైతు స్త్రీ. కన్న పిల్లల్లో చాలామందిని పోగొట్టుకుంది. కూనిరాగం తీస్తూ కత్తిరించడం ఆమెకు అలవాటు. 1985లో కొండ అంచు నుంచి పడి చాలా రోజులు స్పృహలేకుండా ఉంది. కోలుకుని లేచాక, తాను పూలు కత్తిరించే దేవతనని చెప్పింది. అప్పటినుంచి ఆమె పని మారిపోయింది. ఒకే రంగు కాగితాన్ని వదిలి, రంగురంగుల నిగనిగలాడే కాగితాలను చుక్కలుగా, చారలుగా, పూరేకులుగా కత్తిరించి, పొర మీద పొర అతికిస్తూ గుహ ఇంటి గోడలు నింపింది. కొన్ని కూర్పులు మీటర్ల పొడవున్నాయి. వాటిలో చెట్లు, పక్షులు, సూర్యచంద్రులు, దీపాలు పట్టిన పిల్లలు ఉన్నారు. అన్నిటికీ నడుమ గుండ్రని ముఖంతో, నిండు అలంకారంతో కూర్చున్నది ఆ కత్తెర దేవత, అంటే ఆమే. శతాబ్దాలుగా చేసినవారి పేరు రాయని కళలో ఒక స్త్రీ తన రూపాన్నే కాగితం నడిబొడ్డున నిలబెట్టుకుంది. 1996లో యునెస్కో ఆమెను జానపద కళల ఆచార్యురాలిగా గౌరవించింది. 2004లో చనిపోయేదాకా ఆమె అదే ఊళ్లో, ఆ కత్తెరతోనే ఉంది.