ఫారం మార్చే హక్కు: డీహెచ్‌ఐఎస్ అనుభవం, ఓపెన్ సోర్స్ చర్చ

ప్రభుత్వ సేవల్లో ఓపెన్ సోర్స్ గురించి ఎంత రాసినా, లైసెన్సుల మీద ఎంత డబ్బు మిగిలిందన్న లెక్క దగ్గరే చర్చ ఆగిపోతోంది. ఆ లెక్క దాటి ఆలోచించినవారిలో సమాచార వ్యవస్థల పరిశోధకులు యోర్న్ బ్రా, ఎరిక్ మోంటెయిరో, సుందీప్ సహాయ్‌లను ముందు చెప్పుకోవాలి. ఒకే చోట పెట్టిన ప్రయోగం ఒంటరిగా బతకదని, అనేక చోట్ల సాగే పనులు ఒకదానికొకటి ఆసరాగా అల్లుకున్నప్పుడే నిలుస్తుందని వారు 2004లో ‘ఎంఐఎస్ క్వార్టర్లీ’లో వాదించారు. చిత్తూరు జిల్లా కుప్పంలో 2000లో మొదలైన ఆరోగ్య సమాచార ప్రయోగమూ వారు పరిశీలించిన హిస్ప్ (ఆరోగ్య సమాచార వ్యవస్థల కార్యక్రమం) కృషిలో భాగమే కనుక, ఈ వాదనను పరీక్షకు పెట్టవలసిన బాధ్యత మనకు ఎక్కువ. నా అభ్యంతరం ఇది: ఒక వ్యవస్థ ఊరినుంచి ఊరికి ఎలా పాకిందో ఆ అల్లిక చెబుతుంది. పీహెచ్‌సీ సిబ్బంది దాన్ని ఎందుకు తమదిగా చేసుకున్నారో చెప్పదు. ఆ కారణం ఫారంలో ఉంది.

వర్ణవివక్ష పాలన ముగిసేనాటికి దక్షిణాఫ్రికాలో ఆరోగ్యానికి 14 వేర్వేరు శాఖలుండేవి. ఎవరి ఫారాలు వారివి, ఎవరి నిర్వచనాలు వారివి. 1994 తర్వాత కేప్‌టౌన్ పరిసరాల్లో పని మొదలుపెట్టిన హిస్ప్ బృందం చేసిన అసలైన పని ప్రోగ్రాం రాయడం కాదు, ఫారాలను కత్తిరించడం. ఏ అంకె ఎవరికి అక్కరకొస్తుందో కింది సిబ్బందితో కలిసి తేల్చుకుని, కొద్దిపాటి అంకెలతో ‘కనీస సమాచార సమితి’ని తయారుచేశారు. సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత దాని వెనక నడిచింది. కొత్త గడి చేర్చాలన్నా, పాతది తీసెయ్యాలన్నా ప్రోగ్రామరు కోసం ఎదురుచూడకుండా తెర మీదే చేసుకునేలా డీహెచ్‌ఐఎస్‌ను (జిల్లా ఆరోగ్య సమాచార వ్యవస్థ) తీర్చిదిద్దారు. ఇక్కడ పండితులు పెద్దగా పట్టించుకోని వాస్తవం ఒకటుంది. ఆ మొదటి డీహెచ్‌ఐఎస్ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ మీద నడిచేది. అంటే పైన ఉచితంగా పంచిన కోడ్, కింద ఒక కంపెనీ సొత్తు. అయినా అది దక్షిణాఫ్రికా అంతటా పాకింది, మొజాంబిక్ వెళ్లింది, కుప్పం చేరింది. లైసెన్సే సర్వస్వమైతే ఈ ప్రయాణం జరగకూడదు. ఒకే గర్భిణి వివరాలను రెండు మూడు రిజిస్టర్లలో ఎక్కించి, నెలాఖరున మొత్తాలు కూడి పైకి పంపే ఏఎన్‌ఎంకు సోర్స్ కోడ్ చదివే స్వేచ్ఛ వల్ల ఒరిగేదేమీ లేదు. పనికిరాని గడిని తీసేయించగలిగే స్వేచ్ఛ వల్ల ఆమెకు రోజులో కొంత సమయం మిగులుతుంది, ఆ సమయం రోగులకు దక్కుతుంది.

జావాలో తిరగరాసిన డీహెచ్‌ఐఎస్2 మొదట 2006లో కేరళలో అమలైంది. ఇప్పుడు అడుగునుంచి అంతా ఓపెన్ సోర్సే. కానీ దాని బలం ఇప్పటికీ పాత చోటే ఉందనడానికి శ్రీలంక సాక్ష్యం. 2020 జనవరిలో విదేశాలనుంచి వచ్చే ప్రయాణికులపై కోవిడ్ నిఘాకు అక్కడివారు మొదటినుంచి కొత్త సాఫ్ట్‌వేర్ రాయలేదు. చేతిలో ఉన్న డీహెచ్‌ఐఎస్2లోనే గడులు అమర్చుకున్నారు. ఆ అమరికను ఇతర దేశాలూ అందుకున్నాయి, చివరికి డీహెచ్‌ఐఎస్2 పుట్టిల్లయిన నార్వేలోని పురపాలికలు కూడా దాన్ని వాడుకున్నాయి. ఎవరికి వారు గడులు మార్చుకుంటే రాష్ట్రాల అంకెలు పోల్చడమెలా అనేవారికి దక్షిణాఫ్రికాలోనే జవాబు దొరుకుతుంది: పై స్థాయి అడిగే కనీసం తప్పదు, దానిపై ఏది కలుపుకోవాలో కింది స్థాయి ఇష్టం.

ఈ సూత్రం ఆరోగ్యానికే పరిమితం కాదు. పింఛను, రేషను, భూమి రికార్డు, ఏదైనా సరే, తప్పు కనిపించే చోటే దిద్దే అధికారం లేని వ్యవస్థ ఏ లైసెన్సు కింద ఉన్నా ప్రజలది కాజాలదు. తెలంగాణలో ధరణి భూ రికార్డుల పోర్టల్ కాలంలో రికార్డు సవరణ తహసీల్దారు చేతినుంచి కలెక్టరు స్థాయికి వెళ్లింది, రైతులు జిల్లా కేంద్రాల చుట్టూ తిరిగారు. 2025లో వచ్చిన భూభారతి చట్టం ఆ అధికారాన్ని కొంతమేర కిందికి దించింది. కాబట్టి ప్రభుత్వాలు సాఫ్ట్‌వేర్ ఒప్పందం రాసుకునేటప్పుడు సోర్స్ కోడ్ అప్పగింతకన్నా ముందు రాయవలసిన షరతు ఒకటుంది: మండలంలో కూర్చున్న ఉద్యోగి ఏ గడిని, ఎవరి అనుమతితో, ఎన్ని రోజుల్లో మార్చగలడు?