చిప్ప

పత్తర్‌గట్టి పేరులోనే రాయి ఉంది. పత్తర్ అంటే ఉర్దూలో రాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన ఆ రాతి కమానుల వరసకు పేరు తెచ్చింది మాత్రం రాయి కాదు, ముత్యం. ముత్యాలమ్మే దుకాణాల్లోనే పగడాలూ దొరుకుతాయి. చార్మినార్ దాకా నడిచి పక్కకు తిరిగితే లాడ్ బజారు, అక్కడ లక్క గాజులు. ముత్యం, పగడం, లక్క: మూడూ ప్రాణుల ఒంటి నుంచి వచ్చినవే. ఆ మూడు ప్రాణుల్లో దేనికీ వెన్నెముక లేదు.

అందుకే పాఠ్యపుస్తకం మూడింటినీ కలిపి అకశేరుకాలు అంటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ 1801లో వెన్నెముక లేని జంతువుల మీద పుస్తకం రాసినప్పటి నుంచీ లోకమంతా ఇదే పద్ధతి. భూమ్మీది జంతుజాతుల్లో దాదాపు 95 శాతం వీటివే. ఇన్ని జాతులను లేనిదాన్ని బట్టి పిలుస్తున్నాం. ఉన్నదాన్ని బట్టి పిలిచే మాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది: చిప్ప.

ముత్యపు చిప్ప, ఆల్చిప్ప, కొబ్బరి చిప్ప, మోకాలి చిప్ప, తాబేటి చిప్ప. అన్నిటిలోనూ కనిపించేది ఒక్కటే, గుంటగా వంగిన గట్టి కప్పు. దాన్ని తిరగేస్తే పాత్ర అవుతుంది. అన్నీ పోగొట్టుకున్నవాడి చేతికి వచ్చేదీ చిప్పే. తమిళ, మలయాళాల్లో ఇది చిప్పి, కన్నడంలో చిప్పు, ప్రాకృతంలో సిప్పి. పత్తర్‌గట్టి వ్యాపారి నోట సీప్.

ఈ మాట ముత్యపు చిప్పకు అతికినట్టు మరి దేనికీ అతకదు. అది మొలస్కా వర్గపు జీవి: ఎముక లేని మెత్తటి ఒళ్ళు, దాన్ని కోటు అస్తరులా చుట్టుకున్న ప్రావారం అనే పొర. చిప్పను కట్టేది ఆ పొరే. జీవి పెరిగేకొద్దీ చిప్ప అంచున కొత్త సున్నపు పదార్థం చేరుతుంది. పైన వేలు పెట్టి రాస్తే తగిలే గీతలు ఆ పెరుగుదల గుర్తులు. రెండు రెక్కలుగా తెరుచుకుంటే చిప్ప, నత్తకున్నట్టు ఒకటే మెలి తిరిగితే గుల్ల. శాస్త్రం రెండు తరగతులుగా విడదీసిన వాటిని తెలుగు రెండు మాటలతో ముందే విడదీసింది.

స్వాతి చినుకు పడితే ముత్యమవుతుందని మనవాళ్ళ నమ్మకం. నిజానికి ముత్యం కూడా ప్రావారం పనే. ఇవాళ అమ్మకానికి వచ్చే ముత్యాల్లో చాలా భాగం చైనాలో మంచినీటి చిప్పల్లో పెంచినవి. ఒక జీవి ప్రావారం ముక్కను మరోదాని ఒంట్లో నాటితే దాని చుట్టూ ముత్యం పేరుకుంటుంది. చిప్ప లోపలి మెరుపూ ముత్యపు మెరుపూ ఒకటే: మిల్లీమీటరులో రెండువేలవ వంతు మందం ఉండే పలకలు, వాటి మధ్య మాంసకృత్తుల జిగురు. ముత్యాన్ని పంటి అంచున రాస్తే గరగరమనేది ఆ పలకల వల్లే. ముత్యమంటే గుండ్రంగా చుట్టుకున్న చిప్పే.

లక్క పురుగు దారి వేరు. రొయ్యా పీతా సాలీడూ ఉన్న ఆర్థ్రోపొడా వర్గం దానిది. వీటి కవచం కైటిన్‌తో అయింది, కీళ్ళున్నది, అంచున పెరగనిది. ఒళ్ళు పెరిగితే పాతది విడిచి కొత్తది వేసుకోవాల్సిందే. పీతకు డిప్ప అంటాం, రొయ్యకు పొట్టు తీస్తాం. ఊడి వచ్చేదానికి పొట్టు అన్న మాట ఎంత తగిందో! ఆడ లక్క పురుగు కొమ్మ మీద ఒకచోట కుదురుకుని, పొర విడిచాక కాళ్ళు కూడా పోగొట్టుకుంటుంది. ఆపైన తన ఒంటి నుంచి ఊరిన జిగురు గూడులోనే బతుకుతుంది. గాజుల వాళ్ళు కరిగించేది ఆ గూడునే.

పగడానికి చిప్పే లేదు. నిడేరియా వర్గపు చిన్న జీవులు వందలుగా కలిసి కట్టిన కొమ్మ అది. ఒక్కో జీవికి ఎనిమిది స్పర్శకాలు, తినడానికీ విసర్జనకూ ఒకటే ద్వారం. ఎర్రటి గట్టిదనం లోపల, ప్రాణమున్న మెత్తటి పొర పైన. అంటే చిప్పకు సరిగ్గా తిరగేసిన అమరిక. సంస్కృతంలో ప్రవాళమంటే పగడమూ, చిగురూ. చూసినవాళ్ళకు అది చెట్టులా కనిపించింది మరి. ఇక అనెలిడా వర్గపు వానపాముకైతే లోపలా బయటా గట్టి కప్పేదీ లేదు. ఉంగరాల్లాంటి ఖండాల్లో నిండిన ద్రవమే దాని ఒంటికి బిగువు.

చిప్ప అన్న మాటకూ హద్దుంది. తాబేటి చిప్ప నిజానికి పక్కటెముకలూ వెన్నుపూసలూ కలిసి అతుక్కున్న ఎముకే. తాబేలు సకశేరుకం. చిప్ప అనే మాట ఆ కప్పు ఏం చేస్తుందో చూసింది, శాస్త్రం అది ఎక్కడి నుంచి పెరిగిందో చూసింది. పిల్లలకు రెండు చూపులూ కావాలి. కానీ బడిలో మొదట అందాల్సింది చిప్ప, గుల్ల, డిప్ప, పొట్టు. అంచున పెరిగేదేది, ఊడిపోయేదేది, లోపల ఉండేదేది అని చేత్తో పట్టుకుని తేల్చుకున్న పిల్లవాడికి మొలస్కా, ఆర్థ్రోపొడా, నిడేరియా బట్టీపట్టే పేర్లు కావు. తను చూసిన తేడాలకు పెట్టిన పేర్లు.